అరబస్తా విల్లు

వెలగలపాలెంలో విజయదశమి నాడు బాణం సైకిలెక్కి కాలవ దాటేది.

ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు పగలబడి నవ్వేవారు గానీ, ఊళ్ళోవాళ్ళకి అది అలవాటైపోయింది. భీమవరానికి దగ్గర్లో ఉన్న ఆ ఊళ్ళో ఆచారం మొదట్లో అలా ఉండేది కాదు. జమ్మిచెట్టు కింద పూజ కాగానే పెద్దింటి రాజుగారు విల్లు ఎక్కుపెట్టి, కాలవ అవతలి గట్టున పాతిన అరటి బోదెను బాణంతో కొట్టాలి. ఆయన కొట్టాకే ఊరు జమ్మి ఆకు తీసుకోవాలి. ఆ విల్లు కూడా ఆషామాషీ విల్లు కాదు. నిలబెడితే మనిషి తలను దాటుతుంది. ముదురు వెదురు బద్దలు ఒకదానిమీద ఒకటి పేర్చి నారతో బిగించి చేసింది. దాన్ని నడుం దగ్గర కట్టి దూలానికి వేలాడదీసి, తాడుకి అరబస్తా ధాన్యం తగిలిస్తే, తాడు సరిగ్గా బాణం పొడవు దిగి అక్కడ ఆగాలి. అంతకన్నా దిగిందంటే విల్లు మెత్తబడినట్టు, కొత్తది చేయించాల్సిందే. ఏటా పండగ నాడు ఊరందరి ముందు ఆ తూకం జరుగుతుంది. అందుకే దాన్ని అరబస్తా విల్లు అంటారు.

అరబస్తా అంటే ముప్పై ఏడు కిలోల పైమాటే. మూటగా కట్టి ఎత్తమంటే ఊళ్ళో ఎవరైనా ఎత్తుతారు. అదే బరువును మూడువేళ్ళతో చెవిదాకా లాగి, వణక్కుండా గురిచూసి వదలమంటే అప్పుడు తెలుస్తుంది.

పెద్దింటి వెంకటరాజు గారికి ఆ సంగతి ఊరందరి ముందూ తెలిసింది. తండ్రి హఠాత్తుగా పోయిన ఏడు ఆయన తొలిసారి విల్లు పట్టారు. సగం లాగేసరికి చేతులు వణికాయి, తాడు వేళ్ళలోంచి జారింది, బాణం ఆయన పాదాల దగ్గరే పడింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు గట్టు పొడుగునా పాకింది. మరుసటి ఏడు నుంచి ఆయన బాణాన్ని తాడుకి తాకించి, కళ్ళకద్దుకుని, పక్కనున్న మనిషికి ఇచ్చేసేవారు. ఆ మనిషి సైకిలెక్కి వంతెన మీదుగా అవతలి గట్టుకి పోయి, బాణాన్ని బోదెలో చేత్తో గుచ్చి వచ్చేవాడు. మైకులో మాత్రం "ఆచారం ప్రకారం బాణం బోదెను చేరింది" అని ఘనంగా చెప్పేవారు. కొన్నేళ్ళకి వెంకటరాజు గారు ఆ మాత్రం రావడం కూడా మానేశారు. మోకాళ్ళ నెప్పులని కొడుకును పంపేవారు. మోకాళ్ళు బాగానే ఉన్నాయని ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు.

ఆ కొడుకు సుబ్బరామరాజు. చేపల చెరువుల రైతు. ముప్పై దాటిన మనిషి, ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు. మీసానికి తగ్గ నోరు కూడా ఉంది, చిక్కంతా దానితోనే.

తొంభై తొమ్మిది దసరాకి బాణం ఎప్పట్లాగే సైకిలెక్కి వెళ్ళొచ్చాక, తూర్పింటి రామకృష్ణంరాజు పెద్దల ముందు లేచి నిలబడ్డాడు. సుబ్బరామరాజుకి వరసకి బావ.

"ఎన్నాళ్ళండీ ఈ సైకిల్ తొక్కుడు? పక్కూరోళ్ళు మనల్ని చూసి నవ్వుతున్నారు. వచ్చే ఏడు నుంచి ఏ ఇంటోడైనా విల్లు పట్టొచ్చని చెప్పండి. ఎవరు బోదెని కొడితే విల్లు ఆళ్ళింటికి. అంతేనండి."

అతని కొడుకు వర్మ అప్పటికే భీమవరంలో జిమ్ముకి వెళ్ళి కండలు పెంచుతున్నాడు. ఆ సంగతి పెద్దలకీ తెలుసు. అయినా అన్నదాంట్లో న్యాయం ఉంది కాబట్టి సరేనన్నారు.

సుబ్బరామరాజు ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. మీసం మీద చెయ్యేశాడు.

"మా ఇంటి గోడ మీంచి ఆ విల్లు కదలదు బావా. నేనే కొడతాను. రాసిపెట్టుకో."

ఇంటికొచ్చి ఆ మాట చెప్పేసరికి భార్య రత్నమాణిక్యం వడియాల పళ్ళెం కింద పెట్టేసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఒప్పేసుకుని వచ్చేసేరా? మీతోపాటు నేనూ రావాల్సిందండి, ఆ నోరు నొక్కడానికి."

వెంకటరాజు గారు హాల్లో మంచం మీద పడుకుని ఉన్నారు. ఆయన తలకి పైన, రెండు మేకుల మీద, విల్లు ఉంది. నాలుగు తరాలుగా ఆ గోడ ఆ విల్లుదే. వెదురు మారినా మేకులు మారలేదు.

"పోతే పోనియ్యరా," అన్నారు ఆయన. "గోడ ఖాళీ అవుద్ది, అంతేగా."

అని గోడవైపు తిరిగి పడుకున్నారు. సుబ్బరామరాజు ఆ వీపు వైపూ, దాని పైనున్న విల్లు వైపూ చూశాడు. విల్లు పోతే ఈయన ఇంక ఈ మంచం దిగరు అనిపించింది. బావ మీద పంతం అప్పటికప్పుడే చిన్నదైపోయింది. విల్లు ఇక్కడే ఉండాలి, ఆయన కళ్ళ ముందే ఉండాలి.

మర్నాడు పొద్దున్నే విల్లు దింపి, పెరట్లో గడ్డిమేటు ముందు నిలబడ్డాడు. ఆ ఇంట్లో ఒక గట్టి నమ్మకం ఉంది: విల్లు లాగడం నేర్చుకునేది కాదు, రక్తంలో ఉంటుంది. ముత్తాత లాగాడు, తాత లాగాడు, వాళ్ళలో ఏ ఒక్కరైనా సాధన చేశారని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. చెప్పుకుంటే నామోషీ కాబట్టి దాచిపెట్టుంటారన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు. సుబ్బరామరాజు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు, పూర్వీకుల్ని తలుచుకున్నాడు, ఊపిరి బిగబట్టి ఒక్క గుంజు గుంజాడు.

కుడి భుజంలో ఏదో చిరిగిన గుడ్డలా పర్రుమంది. విల్లు ఒకవైపు, తనొకవైపు పడ్డారు.

భీమవరంలో డాక్టరు సంక్రాంతి వెళ్ళేదాకా చెయ్యి పైకెత్తొద్దన్నాడు. ఆ రెండు మూడు నెలలూ రత్నమాణిక్యమే అన్నం కలిపి పెట్టింది. కలిపి పెడుతూ అనాల్సినవన్నీ అంది.

"రక్తంలో ఉంటది, రక్తంలో ఉంటది అంటారు. ఉంటే మావయ్యగారి చేతులెందుకు వణికేయండి? ఆయన రక్తం వేరేనా?"

సుబ్బరామరాజు నమలడం ఆపేశాడు. అన్నేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న అది.

"దూడ పుట్టగానే బండి లాగుద్దా?" ఆమె ఇంకో ముద్ద అందించింది. "మెడ ముదరాలి. ముందు చిన్న విల్లు పట్టండి. చెయ్యి నెప్పి తగ్గాక, మనం చిన్నప్పుడు ఆడుకుంటామే, అలాంటిది."

"పిల్లల విల్లా? రాజు కొడుకుని పట్టుకుని..."

"రాజు కొడుక్కి అన్నం నేను పెడుతున్నాను. నోరు తెరవండి."

తెరిచాడు.

చెయ్యి నెప్పి తగ్గాక వడ్రంగి బుల్లియ్యను పిలిపించి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి సంగతి చెప్పాడు. బుల్లియ్య బయటికి నవ్వలేదు గానీ పెదాలు బిగబట్టుకున్నాడు. వారం తిరక్కుండా ఒక విల్లు తెచ్చాడు. తాడుకి రెండు కుంచాల ధాన్యం, అంటే ఆరేడు కిలోలు, కడితే చాలు, బాణం పొడవు దిగిపోతుంది. ఇంటి ఆడపిల్లలు కూడా సరదాగా లాగగల విల్లు అది.

దాంతో చెరువుగట్టు మీద మోటారు షెడ్డు వెనక, ఎవరికీ కనపడకుండా సాధన మొదలైంది. తాటిచాపకి సున్నంతో చుక్క పెట్టి, పొద్దున్నే చేపలకి మేత వేయడానికి వెళ్ళినట్టు వెళ్ళి, కొట్టి వచ్చేవాడు. మొదట్లో సిగ్గుతో చచ్చిపోయాడు. తర్వాత ఒక విషయం గమనించాడు: ఇంత తేలికైన విల్లుతో కూడా బాణం తను అనుకున్న చోట పడటం లేదు. విల్లు బరువుగా ఉంటే తప్పు బరువు మీదికి తోసెయ్యొచ్చు. ఇక్కడ తోసెయ్యడానికి ఏమీ లేదు. మోచెయ్యి దిగిపోతోంది, వదిలేటప్పుడు వేళ్ళు తెరుచుకోడానికి బదులు తాడును గీరుతున్నాయి, ఊపిరి ఎక్కడో ఇరుక్కుంటోంది. అవన్నీ ఒక్కొక్కటే సరిదిద్దుకున్నాడు. చుక్క మీద బాణాలు గుత్తిగా పడటం మొదలయ్యాక బుల్లియ్యకి ఇంకో విల్లు చెప్పాడు. ఇంకో కుంచం ఎక్కువ. అది లొంగాక మళ్ళీ ఇంకో కుంచం.

కొత్త విల్లు వచ్చిన ప్రతిసారీ మొదటి వారం నరకం. భుజాలు మండేవి, వేళ్ళు పొక్కేవి. తోలుముక్క కత్తిరించి వేళ్ళకి తొడిగింది రత్నమాణిక్యం. ఒకరోజు గట్టి విల్లు లాగితే మర్నాడు పాత మెత్తటి విల్లుతో ఊరికే నాలుగు బాణాలు వేసి వచ్చేయాలని ఆమే నియమం పెట్టింది. మొదటి దెబ్బ తిన్నది తన తొందరపాటుకే కాబట్టి సుబ్బరామరాజు ఆ నియమం దాటలేదు.

ఊళ్ళో రహస్యం ఎన్నాళ్ళుంటుంది? కాఫీ హోటల్లో రామకృష్ణంరాజు పెసరట్టు తుంచుతూ అందరికీ వినపడేలా అన్నాడు.

"బావా, మోటారు షెడ్డు కాడ కాకుల్ని కొడుతున్నావంట కదా! దసరాకి విల్లెందుకులే, ఉండేలు పట్టుకురా."

హోటలంతా ఘొల్లుమంది. సుబ్బరామరాజు మొహం కందగడ్డ అయింది. ఆ సాయంత్రమే అరబస్తా విల్లు దింపి మళ్ళీ ప్రయత్నించేవాడే. గుమ్మంలో రత్నమాణిక్యం నిలబడి చూసింది. అతను విల్లుదాకా వెళ్ళి, చేత్తో దుమ్ము తుడిచి, వెనక్కి వచ్చేశాడు.

మళ్ళీ దసరా వచ్చేసరికి అతను పావుబస్తా విల్లు దాటి, ఇంకో రెండు మూడు కుంచాలు పైకెక్కాడు. అంటే ఇంకా సగం దారి పైచిలుకులోనే ఉన్నాడు. ఊరంతా కాలవగట్టున చేరింది. తూకం జరిగింది, తాడు బాణం పొడవుకి గీసిన గీత దగ్గర ఆగింది. ముందు పెద్దింటివాళ్ళే పట్టాలన్నారు పెద్దలు. సుబ్బరామరాజు విల్లు అందుకున్నాడు. పిడి చుట్టూ వేళ్ళు బిగించాడు. నిరుడైతే తెలిసేది కాదు గానీ, ఇన్ని నెలలు సాధన చేసిన చేతికి పట్టుకోగానే తెలిసిపోయింది. ఇది తన వల్ల ఇంకా కాదు. లాగితే భుజం పోతుంది, లేదా నాన్నగారికి జరిగిందే జరుగుతుంది.

వెనక్కి తిరిగి విల్లు పెద్దల చేతిలో పెట్టాడు.

"ఈ ఏడు నా వల్ల కాదండి. నేనింకా తయారవలేదు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ఆ ఊళ్ళో ఒక రాజు నలుగురిలో నిలబడి నా వల్ల కాదు అనడం ఎవరూ వినలేదు. తర్వాత మొదలైంది నవ్వు. ఈలలు కూడా వేశారు. ఎవరో "సైకిల్ తెండ్రా!" అని అరిచారు. అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నిలబడ్డాడు గానీ లోపల ప్రాణం పోతూనే ఉంది. ఎందుకంటే ఇప్పుడు విల్లు వర్మ చేతికి వెళ్ళింది. వర్మ కొట్టాడంటే ఈ సాయంత్రమే ఆ విల్లు తూర్పింటికి పోతుంది.

వర్మ చొక్కా విప్పాడు. కండలు చూసి జనం ఆహా అన్నారు. నిజంగా బలమున్న కుర్రాడు, తాడును దాదాపు చెంపదాకా లాగాడు కూడా. కానీ బిగువులో ఒళ్ళంతా కంపించి, బాణం పక్కకి పోయి కాలవలో బుడుంగుమంది. మిగతా ఇళ్ళవాళ్ళు ఒకరిద్దరు ప్రయత్నించి, నవ్వేసి తప్పుకున్నారు. ఆ ఏడు కూడా బాణం సైకిలే ఎక్కింది.

పెద్దలు విసుక్కున్నారు. "వచ్చే దసరా ఆఖరు. అప్పటికీ ఎవరూ కొట్టకపోతే విల్లు భీమవరం లైబ్రరీకి ఇచ్చేద్దాం. అద్దాల బీరువాలో పెట్టుకుంటామని అడుగుతున్నారు," అన్నారు.

ఇంట్లో వెంకటరాజు గారికి ఎవరో ముందే చెప్పేసినట్టున్నారు. కొడుకు లోపలికి రాగానే మంచం మీద లేచి కూర్చున్నారు.

"కాదని చెప్పేసేవంట?"

"అవునండి నాన్నగారు."

ఆయన కొడుకును పక్కన కూర్చోమని మంచం చూపించారు. "నాకు ఆ మాట అనడం చేతకాలేదురా," అన్నారు.

మర్నాటి నుంచి సుబ్బరామరాజు మోటారు షెడ్డు చాటు మానేశాడు. పోవాల్సిన పరువు గట్టు మీదే పోయింది, ఇంక దాచడానికి ఏముంది? ఇంటి పెరట్లోనే గడ్డిమేటు ముందు నిలబడ్డాడు. తాడు వదిలినప్పుడల్లా వచ్చే ఆ బొంయ్‌మనే మోత హాల్లో మంచం దాకా వినిపించేది.

శీతాకాలం పోయేసరికి సాధన ఒకచోట ఆగిపోయింది. అరబస్తాకి ఇంకా మూడు కుంచాలు తక్కువ ఉన్న విల్లు అతని చేతికి లొంగనంది. వారాలు గడిచినా అంతే. చేతుల్లో ఉన్న బలమంతా అయిపోయినట్టుంది. బుల్లియ్య ఇంకో విల్లు అడుగుతారేమోనని రెండుసార్లు వచ్చి, మొహం చూసి వెళ్ళిపోయాడు.

అప్పుడే చెరువుల్లో చేపల పట్టుబడి మొదలైంది. వల జట్టు మేస్త్రి ఏసురాజు మనుషుల్లో ఇద్దరు పెళ్ళికని పోయారు. అవతల ఐసు లారీ వచ్చి నిలబడింది. సుబ్బరామరాజు పంచె ఎగ్గట్టి చెరువులోకి దిగాడు.

"అయ్ బాబోయ్, రాజుగారండీ! మీరు గట్టున కూకోండి," ఏసురాజు కంగారుపడ్డాడు. "మీరు వల లాగేరంటే ఊళ్ళో మా పీకల మీదికొత్తాదండీ."

"లారీ వెళ్ళిపోతే నా పీక మీదికి వస్తాది. తాడు ఇటియ్యి."

మొదటి లాగుడులోనే చేతులు పీక్కుపోయాయి. బురద కాళ్ళని పట్టేస్తోంది, అవతల వలలో చేపలు, నీళ్ళు, ఎంత బరువో తెలీదు. అలిసిపోయి, ఇంక చేతులు పనికిరావని ఒళ్ళే వెనక్కి వాల్చేశాడు. అప్పుడు వల కదిలింది. అతనికే ఆశ్చర్యం వేసింది. మళ్ళీ వాల్చాడు. వీపులో రెండు రెక్కలూ దగ్గరికొచ్చి, చేతులు ఉత్త కొక్కేల్లా తాడును పట్టుకుంటే చాలు, లాగే పనంతా వీపు చూసుకుంటోంది.

చెరువు మధ్యలో, నడుంలోతు నీళ్ళలో, సుబ్బరామరాజు గట్టిగా నవ్వాడు.

"ఏటండీ, చేప కరిసిందా?" అన్నాడు ఏసురాజు.

"కాదయ్యా. ఏడాదిపైగా చేతుల్తో లాగుతున్నాను. వీపుందని మర్చిపోయాను."

ఏసురాజుకి ఏమీ అర్థం కాలేదు, అయినా మర్యాదకి "ఆయ్" అన్నాడు.

ఆ ఎండాకాలమంతా సుబ్బరామరాజు వల లాగాడు. తన చెరువులు అయిపోయాక జట్టుతోపాటు పక్కవాళ్ళ చెరువుల్లోనూ దిగాడు. పెద్దింటి రాజుగారు కూలీలతో కలిసి బురదలో దిగడమేంటని బంధువులు రత్నమాణిక్యం దగ్గరికి వచ్చి ముక్కున వేలేసుకున్నారు. ఆమె వాళ్ళకి కాఫీ ఇచ్చి, "ఒంటికి మంచిదంటండి," అని పంపేసింది. వల లాగిన వీపుతో విల్లు దగ్గరికి వస్తే, అదివరకటి విల్లు వేరు ఇది వేరు. ఇప్పుడు తాడును తనవైపు గుంజడం మానేశాడు. తనే విల్లులోకి ఒరుగుతున్నాడు. ఎడమ చెయ్యి ముందుకి, ఛాతీ వెడల్పుగా, రెండు రెక్కల మధ్యా తాళం బిగిసినట్టు. లొంగనన్న విల్లు ఆషాఢంలో లొంగింది. శ్రావణంలో ఇంకో కుంచం. వినాయకచవితి వెళ్ళాక బుల్లియ్య తెచ్చిన విల్లును దూలానికి కట్టి అరబస్తా తగిలించారు. తాడు గీత దగ్గర ఆగింది.

దాన్ని సుబ్బరామరాజు చెవిదాకా లాగి వదిలాడు. గడ్డిమేటులో బాణం ఈకలదాకా దిగిపోయింది. రత్నమాణిక్యం చేతిలో చేట కింద పడేసి చప్పట్లు కొట్టింది. ఒక్కసారి లాగితే చాలదని ఆమే మళ్ళీ అంది. అందుకని రోజూ పొద్దున్న మూడు బాణాలు.

దసరా నాడు గట్టు ఇసకేస్తే రాలనంతగా నిండిపోయింది. ఆఖరి ఏడని పక్కూళ్ళ నుంచి కూడా వచ్చారు. తూకం అయింది. ఈసారి ముందు వర్మ పట్టాడు. ఏడాదిలో ఇంకా బలిశాడు, తాడు చెవిదాకా వచ్చింది కూడా, కానీ అక్కడ నిలవలేదు. బాణం అవతలి గట్టు దిగువన నీళ్ళంచులో బురదలో గుచ్చుకుంది. జనం అయ్యో అన్నారు.

సుబ్బరామరాజు విల్లు అందుకున్నాడు. "సైకిల్ రెడీగా ఉందండోయ్!" అన్నారెవరో. అతనికి వినపడలేదు. కాళ్ళు పాతాడు. ఎడమచెయ్యి ముందుకి నెట్టాడు. వీపు బిగిసింది. విల్లు కిర్రుమంటూ వంగుతూ వచ్చింది, వస్తూనే ఉంది, తాడు చెవిని తాకింది. వదిలాడు.

బాణం కాలవ దాటింది, గట్టు దాటింది, బోదె నెత్తిమీదుగా రయ్యిమని పోయి అవతల వరిచేలో ఎక్కడో పడింది.

అంత కేక ఆ ఊరు ఎప్పుడూ పెట్టలేదు. తలపాగాలూ కండువాలూ గాలిలోకి లేచాయి. డప్పులవాళ్ళు ఎవరూ చెప్పకుండానే అందుకున్నారు. సుబ్బరామరాజు కూడా ఒక్క క్షణం మురిసిపోయాడు. ఆ సంబరంలోంచి రామకృష్ణంరాజు గొంతు లేచింది.

"దాటింది సరేనండి. బోదెకి తగల్లేదు కదా! ఆచారం బోదెని కొట్టడం కదండీ!"

ఒళ్ళు మండే మాటే గానీ నిజం. డప్పులు ఆగాయి. పెద్దలు మొహామొహాలు చూసుకున్నారు. రెండో బాణం సంగతి ఆచారంలో లేదు. ఇన్ని తరాల్లో ఎవరూ అడగలేదు.

"రెండోసారి ఆ విల్లు లాగడం మనిషన్నవాడి వల్ల అవుద్దా?" అన్నాడు ఒక పెద్దాయన జాలిగా. "లైబ్రరీకే..."

"నా కొడుకు రెండోది ఏస్తాడు."

జనం వెనక్కి తిరిగారు. దారి ఇచ్చారు. వెంకటరాజు గారు ఇస్త్రీ చేసిన పంచె కట్టుకుని, భుజాన కండువాతో, కోడలు పక్కన నడుస్తుండగా గట్టు మీదికి వస్తున్నారు. ఆ చోటికి ఆయన వచ్చి ఎన్నేళ్ళయిందో చాలామందికి లెక్క కూడా లేదు.

"మావయ్యగారూ, అది కాదండి..." అన్నాడు రామకృష్ణంరాజు.

"మూడోది కావాలన్నా ఏస్తాడు. రోజూ పొద్దున్నే మంచం మీంచి ఇంటున్నాన్రా నేను. మూడుసార్లు మోగుద్ది. ఒక్కరోజు తప్పలేదు."

సుబ్బరామరాజు తండ్రి వైపు చూడలేకపోయాడు. చూస్తే కళ్ళు మసకబారతాయి, గురి పోతుంది. ఆయన రోజూ వింటున్నారని అతనికి ఇప్పటిదాకా తెలీదు. పెద్దలు తలూపారు. అవతలి గట్టున ఉన్న ఏసురాజు వరిచేలోకి దిగి, బాణం వెతికి, వంతెన మీదుగా పరిగెత్తుకొచ్చి అందించాడు. ఆ కాస్తసేపట్లో భుజాలు చల్లబడ్డాయి, వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఇప్పుడు కొట్టలేకపోతే నవ్వేది తనని కాదు, ఆయన్ని. నలుగురిలో మాటిచ్చింది ఆయన.

ఊపిరి వదిలాడు. పెరట్లో గడ్డిమేటు ముందు ఉన్నట్టే నిలబడ్డాడు. ఇందాకటి ఉబలాటం లేదు, గెలవాలన్న తొందర లేదు. వీపు తన పని తను చేసుకుపోయింది. తాడు చెవి దగ్గర నిలిచింది. బోదె మీద చూపు నిలిచింది. వేళ్ళు తెరుచుకున్నాయి.

బోదె థప్పున ఊగింది. బాణం దాని నడిమధ్యలోంచి దూరి, మొన అవతలికి వచ్చి ఆగింది.

ఆ తర్వాత ఎవరేం చేశారో చెప్పడం కష్టం. వల జట్టువాళ్ళు సుబ్బరామరాజును భుజాల మీదికి ఎత్తేశారు. బుల్లియ్య రాజుగారు సాధన చేసిన విల్లులన్నీ చేసింది తనేనని తెలియనివాళ్ళని కూడా పట్టుకుని చెప్పాడు. రత్నమాణిక్యం ఏడుస్తూ నవ్వింది. రామకృష్ణంరాజు జనాన్ని తోసుకుంటూ వచ్చి, జమ్మి ఆకు బావ చేతిలో పెట్టి, కావలించుకున్నాడు. "ఒప్పుకున్నాను బావా. నీ గోడ నీదే," అన్నాడు. వర్మ అయితే ఆ వల జట్టులో తననీ చేర్చుకోమని ఏసురాజు వెంటపడ్డాడు.

కిందికి దిగాక సుబ్బరామరాజు విల్లు తీసుకెళ్ళి తండ్రి ముందు పెట్టాడు. ఆయన దాన్ని కళ్ళకద్దుకుని ఇచ్చేస్తారనుకున్నారు అందరూ. ఇవ్వలేదు. కండువా కోడలి చేతికిచ్చారు. అన్నేళ్ళ కిందట తన చేతిలోంచి ఏ చోట బాణం జారిందో సరిగ్గా ఆ చోటికే నడిచి, విల్లు ఎత్తి పట్టి, తాడు లాగారు.

చేతులు వణికాయి. మొహం ఎర్రబడింది. తాడు ఒక జానెడు కదిలి ఆగిపోయింది. గట్టు మొత్తం ఊపిరి బిగబట్టింది, ఏం చెయ్యాలో తెలీక. మెల్లగా తాడు వెనక్కి పోనిచ్చి, వెంకటరాజు గారు తల వెనక్కి వాల్చి, పెద్దగా, ఊరంతా వినపడేలా నవ్వారు. అందరికంటే ముందు ఆయనే నవ్వారు.

"జానెడు వచ్చిందిరోయ్!" అని అరిచారు. "ఒరేయ్ సుబ్బా, జానెడు వచ్చింది! రేపు పొద్దున్న నన్ను కూడా లేపు."